రూట్ చేస్తే పాత ఫోను కొత్తదవుతుందా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే సరిదిద్దండి. చెన్నై అంబత్తూరులో ఉద్యోగం, శనివారం వచ్చిందంటే సూళ్లూరుపేట రైలు. ఫోను కొని నాలుగేళ్లయింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. ఫోను బాగా నెమ్మదించింది. ఫోనుతో పాటే వచ్చిన యాప్‌లు అడగకుండానే ప్రకటనలు చూపిస్తున్నాయి. బ్యాటరీ మధ్యాహ్న భోజనం వేళ దాకా కూడా రావడం లేదు. కంపెనీవాళ్లు అప్‌డేట్లు ఆపేశారు. గదిలో ఉండే స్నేహితుడు రూట్ చేయమన్నాడు, అంటే కంపెనీ వేసిన తాళం తీసి ఫోను మీద పూర్తి అధికారం చేతిలోకి తెచ్చుకోమన్నాడు. రిచీ స్ట్రీట్‌లో ఒక దుకాణదారు 800 రూపాయలిస్తే గంటలో చేసి ఇస్తానన్నాడు. జీతం ఖాతా, యూపీఐ, ఊళ్లో ఉన్న అమ్మగారి బ్యాంకు ఖాతా, అన్నీ ఈ ఒక్క ఫోనులోనే ఉన్నాయి. చేయించాలా, వద్దా?

వద్దు. ఈ ఫోనుకు మాత్రం వద్దు.

రూట్ చేయడం పాపమని కాదు. 2011 నుంచి నా ఫోనులూ, చుట్టాల ఫోనులూ, ఆరేళ్ల పాటు రిచీ స్ట్రీట్‌లో ఒక రిపేరు బల్ల ముందు కూర్చుని ఊరివాళ్ల ఫోనులూ రూట్ చేసినవాణ్ణి. ఇప్పుడు గిండీలో ఫోనుల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగం. అందుకే చెబుతున్నాను. మీరు చెప్పిన నాలుగు బాధల్లో మూడింటికి రూట్ అవసరమే లేదు, నాలుగోదానికి అది మందు కాదు. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను మొట్టమొదట ఫోను రూట్ చేసిన కారణం వింటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. తెలుగు చదువుకోవడానికి! అప్పటి ఆండ్రాయిడ్ ఫోనుల్లో తెలుగు వార్తల సైటు తెరిస్తే వరుసగా డబ్బాలు కనిపించేవి. ఒక తెలుగు ఫాంటు ఫైలును వ్యవస్థకు చెందిన ఫాంట్ల సంచిలో, అంటే ఫోల్డరులో, వేస్తే అక్షరాలు వస్తాయని ఎవరో చెప్పారు. ఆ సంచిలో చేయి పెట్టాలంటే రూట్ కావాలి. పెరంబూరులో అద్దె గదిలో రాత్రి రెండింటిదాకా కూర్చుని చేశాను. అక్షరాలైతే వచ్చాయి, ఒత్తులు రాలేదు. అక్షరాలను కలిపి పేర్చే తెలివి అప్పటి ఆండ్రాయిడ్‌కు లేదు. ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయి కూర్చుంది. ఇంత చేసి చివరికి అందరూ వాడే కిటుకే నేనూ వాడాను. ఒపేరా మినీలో ఒక దాగిన సెట్టింగు మారిస్తే, అది తెలుగు పేజీని సర్వరు దగ్గరే బొమ్మగా మార్చి పంపేది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చింది, తెలుగు దానంతటదే కనిపించడం మొదలైంది. నా రూట్ పని అక్కడితో తీరిపోయింది.

ఈ కథ ఎందుకంటే, ఆ తర్వాత పదేళ్లూ ఇదే తంతు నడిచింది. దేనికోసం జనం రూట్ చేసుకునేవారో అది కొన్నేళ్లలో ఆండ్రాయిడ్‌లోకే వచ్చేది. ఏ యాప్‌కు ఏ అనుమతి ఇవ్వాలో మనమే తేల్చుకునే వీలు 2015లో 6.0తో వచ్చింది. సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టే సేవ డీఎన్‌ఎస్; ఫోను మొత్తానికీ మనకు నచ్చిన డీఎన్‌ఎస్ పెట్టుకునే వీలు 2018లో 9తో వచ్చింది. చీకటి రంగు తెర 2019లో, తెర మీద జరిగేదాన్ని రికార్డు చేయడం 2020లో వచ్చాయి. 2012లో రూట్ చేయడానికి ఇరవై కారణాలుంటే ఇవాళ ఐదారు మిగిలాయి. మీ స్నేహితుడు చెబుతున్నది ఆ పాత జాబితా.

ఇంతకీ రూట్ అంటే ఏమిటి? ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్. మీరు వేసుకున్న ప్రతి యాప్‌నూ అది ఒక వేరే మనిషిగా లెక్కగట్టి, 10,000 నుంచి మొదలయ్యే సంఖ్య ఒకటి కేటాయిస్తుంది. ఒక సంఖ్యవాడు దాచుకున్నది ఇంకో సంఖ్యవాడు చూడలేడు. ఎవరి పొలం వారిది, ఎవరి గట్టు వారిది. సున్నా సంఖ్యతో ఒకడున్నాడు, అతనే రూట్. అతనికి గట్లు లేవు.

మీ వయసువాళ్లు చూసి ఉండరు గానీ, 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా మన ఊళ్లలో కరణం ఉండేవాడు. భూముల దస్త్రం అతని ఇంట్లో ఉండేది. అతను కలం కదిపితే హద్దురాయి కదిలినట్టే. రూట్ అలాంటి కరణం. ‘ఈ యాప్ మీ సందేశాలు చదవవచ్చా?’ అని ఫోను మిమ్మల్ని అడుగుతుంది చూడండి, రూట్ ఉన్నవాడు ఆ ప్రశ్నకు ‘అవును’ అని తనే దస్త్రంలో రాసుకోగలడు. ఫోను తయారీదారులు కరణం పదవిని ఖాళీగా ఉంచి తాళం వేసి అమ్ముతారు. రూట్ చేయడమంటే ఆ తాళం తీసి, మీరు కరణం కుర్చీలో కూర్చోవడం. మీరు కూర్చుంటే ఇబ్బంది లేదు. మీరు లేచి పక్కకు వెళ్లినప్పుడు అందులో ఎవరు కూర్చుంటారన్నదే భయం.

అలా కూర్చున్నవాళ్లున్నారు. 2016లో గూలిగన్ అనే చెడ్డ ప్రోగ్రామును చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. మామూలు యాప్‌లా ఫోనులోకి వచ్చి, ఆండ్రాయిడ్ 4, 5 ఉన్న పాత ఫోనులను యజమానికి తెలియకుండా తనే రూట్ చేసి, గూగుల్ ఖాతాల్లోకి వెళ్లే టోకెన్లు దొంగిలించేది. 10 లక్షలకు పైగా ఖాతాలు దానికి చిక్కాయి. అంటే దొంగ లోపలికి రాగానే మొదట చేసే పని రూట్ సంపాదించడం. మనం ఆ పని ముందే చేసిపెడితే అతనికి సగం శ్రమ తగ్గుతుంది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. దుకాణాల్లో ‘రూట్’ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు పనులను కలిపేస్తారు. మొదటిది బూట్‌లోడర్ అన్‌లాక్. ఫోను వెలిగేటప్పుడు మొదట పరుగెత్తే చిన్న ప్రోగ్రాము బూట్‌లోడర్. తరువాత వచ్చే సాఫ్ట్‌వేర్ మీద కంపెనీ సంతకం ఉందో లేదో చూసి లోపలికి పంపుతుంది. అన్‌లాక్ చేస్తే ఆ కాపలాదారు తల తిప్పుకుంటాడు. రెండోది కస్టమ్ రామ్. ర్యామ్ కాదు, రామ్. కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్‌ను తీసేసి లీనియేజ్‌ఓఎస్ లాంటి వేరే ఆండ్రాయిడ్ వేసుకోవడం. మూడోది అసలు రూట్. ఇవాళ ఎక్కువమంది వాడేది మ్యాజిస్క్. జాన్ వూ 2016లో మొదలుపెట్టాడు. అంతకు ముందు చెయిన్‌ఫైర్ అనే పేరుతో తెలిసిన ప్రోగ్రామరు చేసిన సూపర్‌ఎస్‌యూ రాజ్యమేలింది. మ్యాజిస్క్ వ్యవస్థ ఫైళ్లను ముట్టుకోకుండా, ఫోను వెలిగేటప్పుడు వాడే బూట్ ఫైలును మాత్రమే మార్చి పని కానిస్తుంది.

బూట్‌లోడర్ అన్‌లాక్ చేయకుండా మిగతా రెండూ ఇప్పటి ఫోనుల్లో దాదాపు జరగవు. రూట్ లేకుండా కస్టమ్ రామ్ వేసుకోవచ్చు. లీనియేజ్‌ఓఎస్‌తో పాటు యాప్‌లకు రూట్ దానంతటదే రాదు. కస్టమ్ రామ్ లేకుండా రూట్ చేసుకోవచ్చు. మీ స్నేహితుడు ‘రూట్ చేస్తే ఫోను కొత్తదవుతుంది’ అన్నప్పుడు అతని మనసులో ఉన్నది బహుశా కస్టమ్ రామ్. రూట్ చేయగానే ఫోను మారిపోదు. అదే ఫోను, అదే నెమ్మది, కరణం ఒక్కడు అదనం.

తాళం తీయడానికి కట్టే మూల్యం కంపెనీని బట్టి మారుతుంది. దాదాపు ఏ ఫోనులోనైనా అన్‌లాక్ చేసిన క్షణంలో లోపలున్నదంతా చెరిగిపోతుంది. ఫోటోలు, వాట్సాప్, అమ్మగారు పంపిన వాయిస్ మెసేజీలు, ఏదీ మిగలదు. షావోమీ ఫోనుల్లో దరఖాస్తు పెట్టుకుని రోజుల తరబడి ఆగాలి. చాలాకాలం 168 గంటలు, అంటే వారం రోజులు. శామ్‌సంగ్ ఫోనుల్లో నాక్స్ అనే భద్రతా ఏర్పాటుకు చిప్‌లో ఒక ఫ్యూజ్ ఉంటుంది. సంతకం లేని సాఫ్ట్‌వేర్ వేస్తే అది కాలిపోతుంది. తరువాత మీరు పాత సాఫ్ట్‌వేర్ తిరిగి వేసి గంగలో ముంచినా ఆ ఫ్యూజ్ అతకదు, ఆ ఫోనులో సెక్యూర్ ఫోల్డర్ మళ్లీ తెరుచుకోదు. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం మానేసింది. మీరు ఫోను కంపెనీ ఏదో రాయలేదు కాబట్టి మీకు ఏది వర్తిస్తుందో ఇప్పుడు చెప్పలేను.

సినిమాలు ఫోనులో చూసేవారికి ఇంకొక చిన్న దెబ్బ: సినిమాలను నకలు తీయనివ్వని వైడ్‌వైన్ అనే రక్షణ కొన్ని ఫోనుల్లో మొదటి స్థాయి నుంచి మూడో స్థాయికి పడిపోతుంది. అప్పుడు నెలనెలా చందా కడుతూ కూడా మసక బొమ్మ చూడాలి. దీన్ని పెద్ద నష్టంగా నేను లెక్కపెట్టను.

పెద్ద నష్టం బ్యాంకు యాప్‌లది. చెన్నైలో మీరు రోజుకు ఎన్నిసార్లు జేబులోంచి పర్సు తీస్తున్నారో లెక్కపెట్టుకోండి. టీ కొట్టు, షేర్ ఆటో, మెస్ బిల్లు, రైలు టికెట్టు, అన్నీ క్యూఆర్ బొమ్మ మీదే నడుస్తున్నాయి. 2016లో యూపీఐ వచ్చాక ఫోనే పర్సు అయింది. బ్యాంకు యాప్ తెరవగానే అది గూగుల్ సర్వరును అడుగుతుంది, ఈ ఫోను నమ్మదగినదేనా అని. ఒకప్పుడు ఈ తనిఖీ పేరు సేఫ్టీనెట్, ఇప్పుడు ప్లే ఇంటెగ్రిటీ. మొదట్లో ఈ తనిఖీని బోల్తా కొట్టించడం తేలిక. మ్యాజిస్క్‌లోనే దానికి ఒక మీట ఉండేది. జాన్ వూ 2021లో గూగుల్ ఆండ్రాయిడ్ భద్రతా బృందంలో చేరాక ఆ మీటను తీసేశాడు. ఇప్పుడు జవాబు చెప్పేది చిప్‌లోని భద్రమైన భాగం. తాళం తీసి ఉంటే తీసి ఉందని సంతకం పెట్టి మరీ చెబుతుంది. 2025 మేలో గూగుల్ ఇంకో మెట్టు ఎక్కింది. ఆండ్రాయిడ్ 13, ఆ తర్వాతి ఫోనులన్నింటికీ ఈ చిప్ సాక్ష్యాన్నే ఆధారం చేసింది.

దీన్నీ దాటేవాళ్లున్నారు. ఏదో ఒక ఫోను నుంచి బయటపడ్డ, ఆ సంతకం పెట్టే రహస్య తాళంచెవులను సంపాదించి, తమ ఫోను ఆ ఫోనే అని నమ్మిస్తారు. గూగుల్ ఆ తాళంచెవులను రద్దు చేస్తుంది, వాళ్లు కొత్తవి వెతుకుతారు. నేను కొంతకాలం ఈ ఆట ఆడాను. సరదాగానే ఉంటుంది, సెంట్రల్ స్టేషన్ దగ్గర ఆటో దిగి, వెనక ఇంకో సవారీ ఎదురుచూస్తుండగా యాప్ ‘మీ పరికరం సురక్షితం కాదు’ అని మొండికేసే రోజు దాకా. ఆ రోజు నా దగ్గర నోట్లు లేవు. ఆటో ఆయన నెల్లూరు మనిషి కావడం నా అదృష్టం, నంబరు తీసుకుని వదిలేశాడు. మర్నాడే ఆ ఫోనులోంచి సిమ్ తీసేశాను.

ఇబ్బందిని మించిన సంగతి ఒకటుంది. ఖాతాలోంచి ఎవరైనా డబ్బు కాజేస్తే ఎవరు భరించాలన్నదానికి రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఒక ఆదేశం ఇచ్చింది. తప్పు బ్యాంకుదీ కాదు, మీదీ కాదు, మధ్యలో మూడోవాడిది అయితే, 3 పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల జరిగితే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన ప్రతి రూపాయీ ఖాతాదారుదే. రూట్ చేసిన ఫోనులో వాడరాదని చాలా బ్యాంకు యాప్‌ల నిబంధనల్లో ఉంటుంది. అందరం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కిన ఆ పొడవాటి పేజీలో. రేపు మీకు మోసం జరిగి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశారనుకోండి, ఫిర్యాదు తీసుకుంటారు. కానీ బ్యాంకు మొదట పట్టుకునే కొస రూట్ అవుతుందని నా అనుమానం. మీ జీతమైతే మీ ఇష్టం. ఆ ఫోనులో అమ్మగారి డబ్బు కూడా ఉంది.

ఇప్పుడు 800 రూపాయల మాట. ఆ వీధిలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ వీధిని తిట్టను. అన్నా సాలై నుంచి లోపలికి తిరిగితే పది అడుగుల కొట్లలో అద్భుతమైన చేతిపని ఉన్నవాళ్లున్నారు. చిప్ ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టగలవాళ్లు నా కళ్లముందే ఉన్నారు. కానీ రూట్ అంటే కరణం కుర్చీ అని చెప్పాను కదా. ఆ కుర్చీని మీ చేతికి ఇవ్వకముందు గంటసేపు దుకాణదారు అందులో కూర్చుంటాడు. ఏ సైటు నుంచి దించిన ఫైలు వేశాడో, దాంతో పాటు ఏం వచ్చిందో మీకు తెలియదు, చాలాసార్లు అతనికీ తెలియదు. మ్యాజిస్క్ అసలు ఫైలు దొరికేది, ప్రోగ్రామర్లు తమ పని పెట్టుకునే గిట్‌హబ్ అనే సైటులో, దాని సొంత పేజీలో. అదే పేరుతో నకిలీ సైట్లు బోలెడున్నాయి. ‘ఒక్క నొక్కుతో రూట్’ అనే యాప్‌లను అయితే ముట్టుకోనే వద్దు. మీకు తెలియని లోపాన్ని ఆసరా చేసుకుని మీ ఫోనులో జొరబడే యాప్‌ను, జొరబడ్డాక బుద్ధిగా ఉంటుందని నమ్మడం నాకైతే చేతకాదు.

నా చేతుల మీదుగా జరిగిన ఘోరం కూడా చెబుతాను. 2014లో మా బావగారు నాయుడుపేట నుంచి వచ్చి, ‘నీకు తెలుసుగా, దీన్నేదో వేగం చెయ్యి’ అని కొత్త ఫోను చేతిలో పెట్టారు. అదే పేరుతో రెండు రకాల ఫోనులు అమ్ముతున్నారు. మోడల్ నంబరులో చివరి అక్షరం ఒక్కటే తేడా. నేను ఆ అక్షరం చూడలేదు. రెండో రకం ఫైలు ఎక్కించాను. ఫోను వెలిగింది, పాటలు పాడింది, సిగ్నల్ మాత్రం లేదు. చూస్తే ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు సంఖ్య, స్థానంలో వరుసగా సున్నాలు. ఐఎంఈఐనీ, రేడియో సర్దుబాట్లనూ దాచే చిన్న విభాగం ఒకటుంటుంది, దాని నకలు ముందే తీసిపెట్టుకోవాలి. నేను తీయలేదు, తొందర. పక్క బల్లవాడు ‘ఏదో ఒక నంబరు రాసేద్దాం’ అన్నాడు. అది నేరం. అప్పుడూ తప్పే, ఇప్పుడు 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. చివరికి మదర్‌బోర్డు మార్పించి ఇచ్చాను, నా జీతంలోంచి. బావగారు ధాన్యం వ్యాపారి. ఆ నాలుగు రోజులూ ఆయనకు రావలసిన ఫోను కాల్స్ ఎన్ని పోయాయో ఆయన నాకు చెప్పలేదు, మా అక్క చెప్పింది.

ఇంతా విని రూట్ వల్ల లాభమే లేదనుకోకండి. ఉంది. యాప్‌లను వాటి లోపలి సమాచారంతో సహా పూర్తిగా నకలు తీసి ఇంకో ఫోనులో పెట్టడం రూట్ లేకుండా ఇవాళ్టికీ కుదరదు. 2022 మేలో ప్లే స్టోర్ నియమాలు మార్చి, ఫోను సంభాషణలను రికార్డు చేసే యాప్‌ల నోరు గూగుల్ నొక్కేసింది. ఎదుటివారికి ‘రికార్డవుతోంది’ అన్న మాట వినిపించకుండా రికార్డు చేయాలనుకునేవారు రూట్ దారి పడుతున్నారు. అది ఎంతవరకు మర్యాద అన్నది వేరే చర్చ. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపడం కొత్త ఫోనుల్లో చాలావాటిలో ఉంది, పాతవాటిలో రూట్ కావాలి. అన్నింటికన్నా పెద్ద లాభం నేర్చుకోవడం. ఈ రోజు నాకు జీతమిచ్చే విద్యలో సగం పాడైన ఫోనులను బాగుచేయబోయి నేర్చుకున్నదే. మా వంటింటి అలమరాలో 2017 నాటి ఫోను ఒకటి రూట్ చేసి, సిమ్ లేకుండా, రాత్రింబవళ్లు చార్జరుకు తగిలించి ఉంటుంది. చార్జింగ్ 60 దాటదు. ఇంట్లో అందరి ఫోటోల నకళ్లు దాంట్లో చేరుతుంటాయి. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా నాకు పోయేది ఒక పాత ఫోనే.

మీ బాధలకు వద్దాం. నెమ్మది గురించి ముందు స్టోరేజీ ఎంత నిండిందో చూడండి. 64లో 60 నిండి ఉంటే ఏ ఫోనైనా ఈడుస్తుంది, ఎందుకంటే కొత్తది రాయడానికి పాతదాన్ని సర్దుకోవలసి వస్తుంది. వాట్సాప్‌లో కుటుంబ గుంపుల శుభోదయం బొమ్మలు, వీడియోలు, వాటి నుంచి మొదలుపెట్టండి. కనీసం 10 జీబీ ఖాళీ చేయండి. ఒకసారి ఫోటోలు కంప్యూటర్లో భద్రపరచి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇంకా మంచిది. రూట్ చేయిస్తే ఎలాగూ అంతా చెరిగేదే కదా, అదే పని రూట్ లేకుండా చేసి చూడండి. రూట్ చేశాక వేగం పెరిగిందని చెప్పేవాళ్లలో చాలామంది అనుభవిస్తున్నది ఈ చెరిపివేత ఫలితాన్నే.

ప్రకటనలకు ఏడీబీ చాలు, అంటే కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే పనిముట్టు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ వేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, గూగుల్ ఉచితంగా ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్‌తో, సెట్టింగ్స్‌లో తీయడానికి వీలులేని యాప్‌లను మీ వాడుకరి ఖాతా వరకు తీసేయవచ్చు. ఫైలు లోపలే ఉంటుంది, పని మాత్రం చేయదు. రీసెట్ చేస్తే తిరిగి వస్తుంది. అదే దీని అందం, పొరపాటు జరిగినా వెనక్కి దారి ఉంటుంది. అయినా పేరు చూసి అదేమిటో తెలియని యాప్‌ను తీయకండి. కొన్ని కంపెనీల ఫోనుల్లో వాళ్ల భద్రతా యాప్‌ను తీస్తే ఫోను వెలుగుతూ ఆరుతూ ఉండిపోతుంది. పని కాగానే డెవలపర్ ఆప్షన్స్ ఆపేయండి. మన దగ్గర కొన్ని బ్యాంకు యాప్‌లు అవి వేసి ఉన్నా తెరుచుకోవు. తరువాత నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ దగ్గర యాడ్‌గార్డ్ లాంటి సంస్థ ఇచ్చే పేరు రాయండి. యూట్యూబ్ ప్రకటనలు పోవు గానీ మిగతావి చాలావరకు పోతాయి. మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో ఆ డీఎన్‌ఎస్ సంస్థకు కనిపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

బ్యాటరీకి సాఫ్ట్‌వేర్ వైద్యం లేదు. నాలుగేళ్లు రోజూ చార్జ్ చేసిన లిథియం బ్యాటరీ అరిగిపోతుంది, అంతే. కంపెనీ సర్వీసు సెంటరులోనే మార్పించండి. బయట అదే లేబులుతో దొరికే చవక బ్యాటరీలు నేను బల్ల మీద చాలా చూశాను, ఆరు నెలలకు ఉబ్బి వెనక మూతను లేపుతాయి. దుకాణదారుకు ఇవ్వబోయిన 800 ఇందులో కలపండి.

మిగిలింది అప్‌డేట్లు. దీనికి రూట్ మందు కాదన్నది ఇందుకే: రూట్ చేస్తే భద్రతా అప్‌డేట్లు రావు సరికదా, కంపెనీ ఎప్పుడైనా ఒకటి పంపినా దాన్ని వేసుకోవడం కష్టమవుతుంది. కస్టమ్ రామ్ వేస్తే ఆండ్రాయిడ్ భాగం కొత్తదవుతుంది, నిజమే. చిప్ తయారీదారు ఇచ్చే లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం పాతదే ఉండిపోతుంది, బూట్‌లోడర్ తెరిచే ఉంటుంది, బ్యాంకు యాప్‌ల గొడవ మళ్లీ మొదటికి. ఈ ఫోనును ఇంకో ఏడాది జాగ్రత్తగా వాడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలు ప్లే స్టోర్ ద్వారానే నవీకరణ అవుతున్నాయి, కాబట్టి పూర్తిగా దిక్కులేనిది కాదు. ప్లే స్టోర్ బయటి నుంచి యాప్‌లు వేయకండి. పెళ్లి పత్రిక, బ్యాంకు కేవైసీ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైళ్లు, అసలే తెరవకండి. ఈసారి కొనేటప్పుడు కెమెరా సంఖ్యల కంటే ముందు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడగండి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024లో ఎస్24తో ఏడేళ్ల మాట ఇచ్చాయి. అవి ఖరీదైన ఫోనులు. తక్కువ ధరవాటిలోనూ నాలుగేళ్ల మాట ఇచ్చేవి దొరుకుతున్నాయి.

కొత్తది కొన్న రోజున సిమ్‌ను, బ్యాంకు యాప్‌లను, అమ్మగారి ఖాతాను దానిలోకి మార్చి, పాతదాన్ని రీసెట్ చేయండి. అప్పుడు రూట్ చేద్దాం, దుకాణంలో కాదు, మీ చేత్తోనే. బ్యాటరీ సగం పైన ఉండాలి, కేబుల్ వదులుగా ఉండకూడదు. మీ ఫోనులో ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ ఏ సంఖ్యదో సరిగ్గా అదే సంఖ్యది కంపెనీ ఫైలు దించి, అందులోని బూట్ ఫైలును మ్యాజిస్క్‌తో మార్చుకుంటారు. మార్చని అసలు బూట్ ఫైలు పారేయకండి, తేడా వస్తే ప్రాణం పోసేది అదే. కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి వెళ్లాలని ప్రయత్నించకండి. వెనక్కి వెళ్లనివ్వని రక్షణ ఉన్న ఫోను ఇక వెలగకుండా శాశ్వతంగా ఇటుకైపోతుంది. అన్నింటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు, రూట్ చేసిన ఫోనుకు ‘భద్రంగా ఉంటుందిలే’ అని బూట్‌లోడర్ తాళం మళ్లీ వేయడం. మార్చిన ఫైలు మీద కంపెనీ సంతకం ఉండదు కదా, మేలుకున్న కాపలాదారు ఫోనునే లోపలికి రానివ్వడు. మా బల్ల మీదికి ఇటుకలుగా వచ్చినవాటిలో అలాంటివి చాలా ఉండేవి.

ఈ శనివారం రైల్లో కూర్చున్నప్పుడు స్టోరేజీ ఖాళీ చేసే పని మొదలుపెట్టండి, గంటన్నర పైనే దొరుకుతుంది. ఏడీబీతో ఏ యాప్‌లు తీయవచ్చో జాబితా నేను రాసి ఇస్తాను. దానికి నాకు కావలసింది మీ ఫోను మోడల్ నంబరు, సెట్టింగ్స్‌లో ‘ఫోను గురించి’ అనే పేజీలో ఉన్నది ఉన్నట్టుగా. చివరి అక్షరంతో సహా.